దారానికి అవతలి కొస

బోయిగూడలో వడ్రంగి బ్రహ్మచారి ఉండే సందులోకి అడుగుపెడితే ముందు రంపం చప్పుడు, దాని వెనకే ఆయన భార్య పుష్పమ్మ గొంతు వినబడేవి. ఆయన చెక్క కోస్తుంటే ఆమె చెక్కకు అవతలి కొసన పీట వేసుకుని కూర్చునేది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే, "జెర ఇటు... ఇంక జెర... ఆఁ, గట్లనే పో" అంటూ ఉండేది.

"ఏందే పుష్పా, ముప్పై ఏండ్ల పనోనికి నువ్వు పాఠం చెప్తున్నవా?" అని పక్కింటి సువార్త ఆటపట్టించేది.

"చెప్పకుంటే చెక్క ఇడిచిపెట్టి కాలు కోసుకుంటడక్కా!"

సందంతా నవ్వేది. బ్రహ్మచారి కూడా నవ్వేవాడు, నవ్వకపోతే ఎవరికైనా అనుమానం వస్తుందని.

ఎందుకంటే అది పరాచికం కాదు. ఆరేళ్ల కిందట చెక్క పేడు ఎగిరి తగిలి ఆయన కుడి కంటికి మసక కమ్మింది. రంపం కుడిచేతిలో ఉంటే గీత ఆ కంటి కిందికే వస్తుంది. మెడ తిప్పి ఎడమ కంటితో చూద్దామంటే చేయి వంకర పోతుంది. చూపు లేని వడ్రంగికి తలుపు పని ఎవరిస్తారు? అందుకే మొగుడూ పెళ్లాం ఆ సంగతి గుట్టుగా ఉంచారు. నీలం పొడి అద్దిన దారాన్ని చెరో కొస పట్టుకుని చెక్క మీద టప్పున కొట్టి గీత వేసేవారు. ఇక అక్కడినుంచి చూపు ఆమెది, చేయి ఆయనది. తోటి వడ్రంగులంతా మిషన్లు కొన్నా, "మిషను మోతల నీ మాట ఇనబడదే" అని ఆయన చేతి రంపాన్నే నమ్ముకున్నాడు.

ఆషాఢంలో పుష్పమ్మకు జ్వరం వచ్చింది. నాలుగో రోజుకు మనిషి లేదు.

రంపం ఆగిపోయింది. దుఃఖం, పాపం, అనుకున్నారు అందరూ. దుఃఖమే, కాదని ఎవరంటారు? కానీ దుఃఖం ఒక్కటే అయితే చేతులు ఏదో ఒకనాటికి పనిలో పడతాయి. ఆయనకు పోయింది పెళ్లామూ, కన్నూ రెండూనాయె.

కార్ఖానా అనే పేటలో ఉండే గ్లోరియా టీచరు మేడ మీద చెక్క నేల వేయాలి, దాని మీదికి ఒక బల్ల, రెండు బెంచీలు చేయాలి. పుష్పమ్మ ఉండగా ఒప్పుకున్న పని అది. కొలతల నాడు టేపు అవతలి కొస ఆమే పట్టింది. టీచరు రెండు నెలలు ఆగి మెల్లగా ఫోను చేసింది.

"చారిగారూ, మీకు కష్టమైతే చెప్పండి. నేనేమీ అనుకోను, వేరేవాళ్లని చూసుకుంటాను."

"నేనే చేస్త మేడం" అనేశాడు. ఇది వదిలేస్తే ఈ జన్మలో మళ్లీ చెక్క ముట్టలేనని ఆయనకు తెలుసు.

మర్నాడు రాణిగంజ్‌లో ఓంప్రకాశ్ దుకాణానికి వెళ్లాడు. ఏళ్ల తరబడి ఉలులూ బాడిసెలూ కొన్న చోటే.

"నువ్వు మిషను కొంటవా చారన్నా! ఇయ్యాల పొద్దు పడమట పొడిసిందా ఏంది?" అంటూ ఓంప్రకాశ్ రెండు రంపం మిషన్లు దించాడు. "ఈ నాలుగంగుళాలదే అందరు కొంటరు. ప్లైవుడ్‌కు చాలు. నీ పనేంది?"

"మేడ మీద చెక్క నేల. కింద రెండంగుళాల మందం దూలాలు. బల్ల, బెంచీలు సుత."

"అయితే ఇది పనికిరాదు. ఒక్కపారి తెగదు, చెక్క తిప్పి మళ్ల కొయ్యాలె. ఈ ఏడంగుళాలది తీస్కో. దూలాలకు ముతక పండ్ల బ్లేడు, బల్లకు సన్నపండ్లది. కింది పలక సుత గట్టిది, పడ్డా వంగదు."

బ్రహ్మచారి దాన్ని బల్ల మీద పెట్టి ముందుకు తోసి చూశాడు. బ్లేడు మోటారుకు కుడి పక్కన ఉంది. గీత ఉండవలసిన చోట అంతా పొగమంచు.

"బ్లేడు ఎడమ పక్కకున్నది లేదా?"

"గదెందుకు? నీది ఎడమచెయ్యా ఏంది? రెండు దినాలు పట్టుకుంటే ఇదే అలవాటయితది. ఇంటికాడ వదినతోటి బొట్టు పెట్టించి షురూ చెయ్యి." ఏ కొత్త పనిముట్టుకైనా పుష్పమ్మే బొట్టు పెడుతుందని అతనికి తెలుసు.

"వదిన లేదు ఓంప్రకాశూ. ఆషాఢంల పోయింది."

ఓంప్రకాశ్ మిషను వంక చూశాడు, దాని మీదికి మెడ వంచి కళ్లు చికిలించిన మనిషి వంక చూశాడు. గొంతు తగ్గించి, "ఏ కన్ను అన్నా?" అన్నాడు.

ఆరేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి అతనే.

"కుడిది."

ఓంప్రకాశ్ ఇంకేమీ అడగకుండా లోపలికి పోయి మరొకటి తెచ్చాడు. "బ్యాటరీది. దీనికి బ్లేడు ఎడమ పక్కనే. ఆరున్నర అంగుళాలు, నీ దూలం ఒక్కపారి తెగుతది. మేడ మీద వైరు తక్లీఫ్ సుత లేదు."

ఇంటికి తెచ్చి బొట్టు పెడదామంటే పుష్పమ్మ కుంకుమ భరిణె మూత బిగుసుకుపోయి ఉంది. చివరిసారి మూసింది ఆమె చేయే. బలవంతంగా తీయబుద్ధి కాక ఎక్కడిదక్కడ పెట్టేశాడు. మిషనుకు పసుపు మాత్రం రాశాడు.

సోమవారం టీచరు మేడ మీద మొదటి పొడుగు పలక పరిచాడు. నీలం దారం ఒక కొస వేలికి చుట్టుకుని, రెండో కొస ముందుకు చాపి, "పట్టు" అన్నాడు.

చేయి గాలిలో అలాగే ఉండిపోయింది. టీ గ్లాసుతో మెట్ల దగ్గరికి వచ్చిన గ్లోరియా టీచరు ఒక అడుగు ముందుకు వేసి, ఎందుకో ఆగిపోయింది.

జేబులోంచి మేకు తీసి పలక చివర కొట్టి, దారం దానికి తగిలించాడు. టప్పున కొట్టగానే నీలం గీత పడింది. మిషను మోత మొదలైంది. బ్లేడు గీతను ఆనుకుని పోతుంటే ఎడమ కంటికి స్పష్టంగా కనబడుతోంది. ఇటు అన్నవాళ్లు లేరు, అటు అన్నవాళ్లు లేరు. ఎక్కడో ఒకచోట తప్పితే బాగుండునని లోపల ఒకటే కోరిక. తప్పలేదు. పలక రెండుగా విడివడి పడింది.

మిషను ఆపాక కూడా పలక అవతలి కొస వైపు చెవి పెట్టి నిలబడ్డాడు.

"సరిగ్గా వచ్చిందా చారిగారూ?"

"వచ్చింది మేడం. తిన్నగనే వచ్చింది." అంటూనే ఆ మేకు పక్కన చతికిలబడి, కోసిన అంచును వేళ్లతో తడుముతూ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

టీచరు టీ గ్లాసు పిట్టగోడ మీద పెట్టి, దాని మీద సాసరు మూసి, చప్పుడు చేయకుండా కిందికి దిగింది. అది పూర్తిగా చల్లారాక ఎప్పుడో పైనుంచి మళ్లీ మోత వినబడింది.