జానెడు దూరంలో టీవీ

మరమగ్గాల మిల్లులో ఏళ్ళ తరబడి పనిచేసిన పెద్దాయనకు వినికిడి సగం ఆ చప్పుడులోనే కరిగిపోయింది. రిటైరయ్యాక మిగిలిన సరదా టీవీ ఒక్కటే. అందులోనూ అడవి జంతువుల కార్యక్రమాలంటే ప్రాణం. పులి తరుముతుంటే జింకతోపాటు ఆయనకూ ఆయాసం వచ్చేది.

ఈమధ్య సాయంత్రానికల్లా ఆయన కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. తలనొప్పి సరేసరి.

“పొద్దస్తమానం ఆ పెట్టెను కళ్ళతో మింగేస్తుంటే ఎర్రబడక ఏం చేస్తాయి?” అనేది భార్య.

“వయసే, వయసు” అని కొట్టిపారేసేవాడు.

కోడలు ఆసుపత్రిలో నర్సు. ఆమెది రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. ఒకరోజు పొద్దున్నే డ్యూటీ దిగి, మామగారిని అక్కడికే రప్పించి కళ్ళ డాక్టరుకు చూపించింది. లైటు వేసి, చుక్కలు వేసి, అక్షరాలు చదివించి, “కళ్ళు బాగానే ఉన్నాయండీ. అలిసిపోయాయి, అంతే. టీవీ ఎంత దూరంలో చూస్తారు?” అని అడిగింది డాక్టరు.

“అందరిలాగే” అన్నాడు పెద్దాయన, గోడకేసి చూస్తూ.

దూరంగా కూర్చోవాలని, గదిలో వెలుతురు ఉండాలని, మధ్యమధ్య కిటికీలోంచి దూరంగా చూడాలని, రెప్పలార్పడం మరిచిపోవద్దని చెప్పింది ఆమె. ఆయన గంగిరెద్దులా తలూపాడు. ఇంటికొచ్చాక మాత్రం ఏమీ మారలేదు. కళ్ళూ అలాగే ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం కోడలు మంచినీళ్ళ కోసం లేచింది. హాల్లో పరదాలన్నీ వేసి ఉన్నాయి, చీకటి. ముక్కాలిపీట మీద మామగారు, టీవీకి జానెడు దూరంలో. ముక్కు అద్దానికి తగలడమే తక్కువ. బొమ్మ కదులుతోంది గానీ మాట వినిపించడం లేదు. దగ్గరికెళితే సన్నగా గొణుగుడు వినిపించింది.

“మామయ్యా! ఏంటిది? డాక్టరుగారు ఏం చెప్పారు?”

ఆయన ఉలిక్కిపడ్డాడు. “ఎందుకు లేచావు తల్లీ? సౌండు ఎక్కువైందా?”

ఆ మాటతో ఆమె నోట్లోని కోపం నోట్లోనే ఆగిపోయింది.

వంటింట్లోంచి అత్తగారు వచ్చింది. “ఎక్కువట! నువ్వు పడుకున్నావని సౌండు తగ్గిస్తాడు. తగ్గిస్తే వినపడదు. నాలుగు మాటలైనా చెవిన పడాలని దగ్గరికి జరుగుతాడు. నీ గది తలుపు సరిగా పడదుగా, వెలుతురు లోపలికొస్తుందని ఈ పరదాలు. చెప్పబోతే నామీద గయ్యిమంటాడు.”

“నాతో ఒక్కమాట అనొచ్చు కదా మామయ్యా?” అంది కోడలు, పక్కనే నేలమీద కూర్చుంటూ.

“రాత్రంతా నిలబడి వస్తావు. పగలు కూడా కునుకు లేకపోతే మనిషివి ఏమైపోతావు?”

ఆ ఆదివారం కొడుకు తమ మంచాన్ని వంటింటి వెనక గదిలోకి మార్చాడు. కోడలు హెడ్‌ఫోన్లు కొనుక్కొచ్చింది. కుర్చీ ఎదుటి గోడకు చేరింది. పరదాలు తీశారు. ఎండ తెరమీద పడి మెరవకుండా టీవీని కాస్త పక్కకు తిప్పారు.

“ఇంత దూరం నుంచా? పక్కింటివాళ్ళ టీవీ చూస్తున్నట్టుంది” అని పెద్దాయన సణిగాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కాసేపటికి సణుగుడు ఆగింది. తెరమీద ఒక చిన్న పిట్ట కూస్తోంది. “ఓసి! ఇది కూస్తుందా!” అన్నాడు, భార్య చెయ్యి పట్టుకుని.

ప్రకటనలు వస్తే చాలు, ఆమె మోచేత్తో పొడుస్తుంది. ఆయన కిటికీకేసి తిరిగి, ఏ మేడమీద ఎవరు బట్టలు ఆరేస్తున్నారో చెబుతాడు. కొన్నాళ్ళకు కళ్ళ ఎరుపు తగ్గింది, తలనొప్పీ పోయింది.

ఇబ్బందల్లా ఒక్కటే. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే తన గొంతు ఎంత లేస్తుందో ఆయనకు తెలియదు. ఒకరోజు తెరమీద నీళ్ళు తాగుతున్న జింక వైపు మొసలి నోరు తెరిచిందో లేదో “పారిపోవే పిచ్చిదానా!” అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. వెనక గదిలో కోడలు దిగ్గున లేచి పరుగెత్తుకొచ్చింది. అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

సంగతి అర్థమై కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. జింక సంగతేమిటని చేత్తో సైగ చేసింది.

“తప్పించుకుంది!” అని అరిచాడు మామగారు.

ఆమె ఆవులించి, వెళ్ళి మళ్ళీ పడుకుంది.