గట్టు మీద ఆరు ఫోటోలు

పామర్రు దగ్గర మా చేపల చెరువు నాలుగెకరాలు. మేత అమ్మే కంపెనీ తరఫున ఒక టెక్నీషియన్ నెలకు నాలుగుసార్లు వచ్చి చూసి వెళ్తాడు. యాభై దాటిన మనిషి. నీళ్లు దోసిట్లోకి తీసుకుని, రంగు చూసి, "రేపు మేత ఆపండమ్మా" అనేవాడు. పదకొండేళ్లలో ఆయన అంచనా తప్పిందని చెరువు పుస్తకంలో నేను రాసుకున్నది రెండే సార్లు.

మూడేళ్ల కిందట కంపెనీ ఆయన ఫోన్‌లో ఒక యాప్ పెట్టింది. అప్పట్నుంచి వచ్చిన ప్రతిసారీ ఆరు ఫోటోలు. గట్టు, నీళ్లు, వల, మేత బస్తా, తన ముఖం, బస్తాతో నేను. మా కొట్లో మేత అయిపోయిన రోజున కూడా బస్తా కనబడాలి కాబట్టి, ఖాళీ సంచిలో గడ్డి కుక్కి బండి మీద తెచ్చుకునేవాడు. గడియారం చూసి లెక్క కట్టాను. ఒక్కోసారికి ముప్పై ఒక్క నిమిషాలు ఫోన్‌కే పోతున్నాయి. ఏడాదికి ఇరవై నాలుగు గంటల నలభై ఎనిమిది నిమిషాలు.

"ఇవన్నీ ఎవరు చూస్తారయ్యా?"

"ఎవరూ చూడరమ్మా. లెక్కపెడతారు."

పోయిన శ్రావణంలో రెండో మంగళవారం, మబ్బు పట్టి గాలి ఆడటం లేదు. తెల్లారుతుండగా చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే అంతే. రెండు గంటలు ఊరుకుంటే చెరువంతా పోతుంది. ఫోన్ చేస్తే 5.40కి వచ్చాడు. వచ్చి, గట్టు మీద నిలబడి ఫోన్ పైకెత్తాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ముందు నీళ్లలోకి దిగవయ్యా!"

"వచ్చిన గంటలోపు ఫోటో ఎక్కకపోతే ఇవాళ నాకు ఆబ్సెంటమ్మా. ఇప్పటికే రెండు పడ్డాయి. మూడోది పడితే ఇంటికే."

సిగ్నల్ లేదు. ఆయన చేపల వైపు చూశాడు. ఫోన్ బండి సీటు మీద పారేసి దిగాడు. ఇంజిన్ వేసి కాలవ నీళ్లు పెట్టించాడు, నీళ్లు చిలికి గాలి ఎక్కించే ఏరేటర్ పక్క చెరువువాళ్లని అడిగి తెచ్చి తిప్పించాడు. 9.15 దాకా నడుంలోతు నీళ్లలోనే ఉన్నాడు. చచ్చినవి నలభై రెండు. మిగతా చెరువు దక్కింది.

ఆయనకు మూడో ఆబ్సెంట్ పడింది.

గురువారం నేనే బస్సెక్కి గవర్నర్‌పేటలోని కంపెనీ ఆఫీసుకి వెళ్లాను. వచ్చిన వేళ, వెళ్లిన వేళ రాసిన చెరువు పుస్తకం మేనేజరు ముందు పెట్టాను.

"ఫోటో ఉందాండీ?"

"నేనున్నాను. నీ ఎదురుగా కూర్చుని చెబుతున్నాను."

"మీ మాట కాదనట్లేదండీ. సిస్టమ్‌లో ఎక్కాలి కదా. ఒక పని చేయండి. ఇవాళ ఫోటోలు దిగి పంపించండి, మంగళవారం కింద ఎక్కించేస్తాను."

"జరిగింది నిజమని ఒప్పుకోడానికి, జరగనిది ఫోటో తీయాలా?"

"అందరూ అంతేనండీ."

నాకు డెబ్బై మూడేళ్లొచ్చాయి. ఒక్క తేదీ కూడా తెలిసి తెలిసి తప్పు రాయలేదు. కానీ పోయేది ఆయన ఉద్యోగం. సాయంత్రం గట్టు మీదకి వెళ్లి నిలబడ్డాను.

"కొంచెం నవ్వండమ్మా. రైతు నవ్వకపోతే యాప్ తిప్పి పంపేస్తుంది."

"తీయవయ్యా!"

తీశాడు. రెండుసార్లు తిప్పి పంపింది. మూడోసారి తిట్టబోయి పళ్లు బయటపెట్టాను. దాన్ని నవ్వు కింద తీసుకుంది. ఆబ్సెంట్ రద్దయింది.