ఎర్రక్క రంగు తగువు

అద్దకం పాకలు నేను చాలా ఊళ్లలో చూశాను. అన్నిటా ఒకటే ఆవిరి, ఒకటే ఘాటు, మనుషులే వేరు. ఎర్రక్క పాక పక్కగదిలో ఒక వేసవంతా అద్దెకున్నాను. మోచేతుల దాకా ఎరుపు దిగిపోయిన మనిషి. ఆమె అసలు పేరు అత్తగారే మరిచిపోయిందట.

ఆ వేసవిలోనే ఆమె మీదికి తగువొచ్చింది. డేరాలు అద్దెకిచ్చే కంపెనీ ఒకటి ఆరేళ్ల కిందట ఆమె చేత గుడ్డకు ఎర్రరంగు వేయించుకుంది. ఇన్నాళ్లూ కిక్కురుమనలేదు. ఇప్పుడు నిద్రలేచి, రంగు వెలిసి బేరాలు పోయాయనీ, నష్టం కట్టాలనీ మధ్యవర్తి దగ్గరికి వెళ్లింది. ఓడితే పాక అమ్మాల్సిందే.

వకీలైన మరిది కాగితాలు చూసి ఎగిరి గంతేశాడు.

"వదినా, ఫిర్యాదు చేసే గడువు ఎప్పుడో దాటింది! ఆ ఒక్క ముక్క చెబితే చాలు, గెలిచినట్టే."

"మరి రంగు?"

"రంగు ఊసు మనకెందుకు?"

"ఎందుకేంటి! ఎర్రక్క రంగు వెలిసేదే, తేదీ కాపాడింది అంటారు. రేపు నా దగ్గరికి గుడ్డ ఎవడు తెస్తాడు? నీ నల్లకోటుకి వేసుకుంటూ కూర్చోనా?"

గడువులు ఊరికే పెట్టలేదు. ఆలస్యం సాక్ష్యాన్ని చెదలా తినేస్తుంది. చూసినవాడు మరిచిపోతాడు, వస్తువు చివికిపోతుంది. ఆరేళ్ల నాటి రంగును ఈమె ఎలా రుజువు చేస్తుందో నాకూ అంతుబట్టక, విచారణ నాడు వెంట వెళ్లాను.

మధ్యవర్తి వయసు మళ్లిన పెద్దమనిషి. మరిది గడువు సంగతి చెప్పగానే తలూపాడు. అంతటితో ముగిసేదే. ఎర్రక్క లేచింది.

"అయ్యా, క్యాలెండరు తర్వాత చూద్దురుగానీ, ముందు గుడ్డ చూడండి."

"కూర్చో వదినా, నీకు పుణ్యముంటుంది!" అని మరిది తల పట్టుకున్నాడు.

మధ్యవర్తి కంపెనీ మేనేజరు వైపు తిరిగి, "వెలిసిన గుడ్డ ఏదీ?" అన్నాడు.

"ఆరేళ్లయిందండీ. గోదాము వెనకాల ఎప్పుడో పారేశాం."

"అయితే పదండి," అంది ఎర్రక్క. కుర్చీలో నడుము పట్టేసిందో ఏమో, ఆయన నిజంగానే లేచాడు.

గోదాము వెనకాల వాచ్‌మన్ గది. దాని ముందు చూరుగా ఒక ఎర్రగుడ్డ కట్టి ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండ అందులోంచి దిగి, మేనేజరు తెల్లచొక్కాను పండుమిరపకాయ చేసింది.

"ఇదెక్కడిదయ్యా?" అన్నాడు మధ్యవర్తి.

"వీళ్లు పారేసిందేనండీ," అన్నాడు వాచ్‌మన్. "ఈ గోదాముకొచ్చిన ఎర్రడేరా అదొక్కటే. అంచు చిరిగిందని పడేశారు. అప్పట్నుంచీ ఎండకీ వానకీ ఇక్కడే ఉంది. రంగు పోలేదని నేనే కట్టుకున్నా."

మేనేజరు నేల చూపులు చూశాడు. ఆలస్యం అమృతం విషం అంటారు. ఎవరి ఆలస్యమో, ఎవరికి అమృతమో చెప్పరు. పనైన నెలలోనే వచ్చుంటే ఆ కొత్తగుడ్డ ఎవరి పక్షానా సాక్ష్యం పలికేది కాదు. ఆరేళ్ల ఎండను ఎర్రక్కకు సాక్షిగా సమకూర్చింది కంపెనీయే.

తీర్పు వచ్చింది. గడువు దాటింది, దాటకపోయినా రంగు నిలిచింది. పాక ముందు నిలబడి మరిది మొదటి ముక్క చదవబోతే ఆమె ఆపింది.

"అది నీ గెలుపు, నువ్వుంచుకో. రెండోది చదువు, వీధి చివరికి వినబడాలి."

గొంతెత్తి మూడుసార్లు చదివాడు. మూడోసారికి చుట్టుపక్కల పాకల్లో పని ఆగిపోయింది. జనం గుమ్మాల్లోకొచ్చి చప్పట్లు కొట్టారు.

కొన్నాళ్లకు మేనేజరే బండినిండా తెల్లగుడ్డ వేసుకొచ్చి గుమ్మంలో నసుగుతూ నిలబడ్డాడు.

"అదే ఎరుపు కావాలమ్మా."

"వేస్తా బాబూ. ఏదైనా తేడా ఉంటే మాత్రం, గుడ్డ ఆరేలోపు వచ్చి చెప్పు."