అమ్మవారి చిటికెనవేలు

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఇరవై ఏళ్ళు దాటింది, ఒక రాతి వేలు నా గుండెల మీద నుంచి దిగలేదు. అదెంత ఉంటుంది? నా చిటికెనవేలంత.

మాది దుర్గి. విగ్రహాలు చెక్కే ఇల్లు. నాన్నా, ఆయన తమ్ముడైన మా బాబాయీ చెక్కేవాళ్ళు. ఆడవాళ్ళం నీళ్ళు పోసుకుంటూ రాయితో రుద్ది నునుపు చేసేవాళ్ళం. పదో తరగతితో బడి మానేసినా నేను లైబ్రరీ మానలేదు. దొరికిందల్లా చదివాను. ఆ మాట ఇప్పటికీ గొప్పగానే చెప్పుకుంటాను. అది విని కాబోలు, నరసరావుపేటలో ఒక కాలేజీ మేడమ్ సెమినార్‌కి పేపర్ రాయమన్నారు. శిల్పుల ఇళ్ళల్లో ఆడవాళ్ళ పని మీద. పుస్తకాల్లో ఉన్నది వద్దు, మీరు పడింది రాయండి అన్నారు.

కూర్చుని రాశాను. భిన్నమైన విగ్రహం, అంటే ఎక్కడైనా విరిగింది, పూజకు పనికిరాదనే పట్టింపు దగ్గర ఒక ఉదాహరణ కావలసి వచ్చింది. ఒకసారి పనివాడి పొరపాటు వల్ల విగ్రహం తిరిగి వచ్చిందని రాసి, పెన్ను కింద పెట్టేశాను. ఎవరా పనివాడు? ఎవరి పొరపాటు?

ఈపూరు వైపు ఒక ఊరికి పోలేరమ్మను చేశారు. చేతులు బాబాయి చెక్కాడు. చేతులు చెక్కడంలో మా ఇంట్లో ఎవరైనా ఆయన తర్వాతే. నేను రుద్దుతుంటే చేతిలో రాయి జారి అమ్మవారి చిటికెనవేలు ఊడిపోయింది. ఎవరూ చూడలేదు. లక్క కరిగించి రాతిపొడి కలిపితే అతుకు కనపడదని లైబ్రరీలో ఏదో పాత పుస్తకంలో చదివి ఉన్నాను. అట్లాగే అతికించాను. నిజంగానే కనపడలేదు. అప్పుడు నాకు భయం వేయలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇది చెప్పడమే నాకు అన్నిటికన్నా కష్టంగా ఉంది.

ప్రతిష్ఠ నాడు ఎండకో, హారతి వేడికో లక్క మెత్తబడింది. ఊరందరి ముందు వేలు రాలింది. విగ్రహాన్ని ట్రాక్టర్ మీద వెనక్కి తెచ్చి దించారు. చేతులు చెక్కింది బాబాయి గనక, విరగ్గొట్టి అతుకేసి దాచింది కూడా ఆయనే అన్నారు. ఇంక దేవతల విగ్రహాల జోలికి పోవద్దని బాబాయితో అన్నాడు నాన్న. మా ఇళ్ళల్లో ఆ మాటకు తిరుగు లేదు.

ఆ సాయంత్రం బాబాయి నా దగ్గరికి వచ్చాడు.

"ఏమే, రుద్దేటప్పుడు నీ చేతికి అతుకేమన్నా తగిలిందా?"

"నాకేం తగల్లేదు బాబాయ్."

నా మొహంలోకి కాసేపు చూసి, సరేలే అని వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి రోళ్ళు, సన్నికళ్ళు కొట్టుకుంటున్నాడు. నాన్న పోయాక కూడా దేవతను ముట్టలేదు.

పేపర్ సంగతి తెలిసి మొన్న వచ్చాడు. "ఏందే, మా మీద రాస్తన్నావంట. ఫోటో ఏస్తే జుట్టున్నప్పటిది ఎయ్యి" అని నవ్వాడు. పోతూ పోతూ గుమ్మంలో ఆగాడు.

"ఆ వేలు సంగతి మాత్రం రాయమాకమ్మా."

రాయను బాబాయ్ అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో.

తన పరువు కోసం అడిగాడా? నా కోసమా? అతుకు తను వేయలేదని ఆయనకు తెలుసు. ఆయన తర్వాత ఆ చేయి పట్టుకున్నది నేనొక్కదాన్నే. తెలిసే ఇన్నాళ్ళూ రోళ్ళు కొట్టాడా? అట్లా అయితే ఆయన ఊరుకున్నందుకు నేను ఇంత చదువుకుని, ఇంత మర్యాదగా బతికాను. తెలియకపోతే మరీ ఘోరం, తన మీద పడ్డ నిందను దాచమని నన్నే బతిమాలుకున్నాడు.

ఆయనకిచ్చిన మాట తప్పాను. పనివాడి పొరపాటన్న వాక్యం కొట్టేసి ఇట్లా రాశాను: ఆ వేలు విరగ్గొట్టింది నేను. అతికించింది నేను. మా బాబాయి చెక్కిన చేతిలో ఏ లోపమూ లేదు.

బాబాయికి చదువు రాదు. మేడమ్‌కి పంపేముందు నేనే ఆయనకు చదివి వినిపించాలి. ఏమంటాడో తెలియదు. ఏమీ అనకపోవచ్చు, దానికే ఎక్కువ భయం. పక్క పాకలో రోలు తొలుస్తున్న ఉలి చప్పుడు ఇక్కడికి వినపడుతోంది. కాగితాలు పట్టుకుని లేచాను.