రెండో థ్రెడ్‌లో ఉన్న నంబరు

తెలంగాణ కోసం బస్సులు ఆగిపోయి, ఆఫీసులకు తాళాలు పడ్డ సమ్మె రోజులవి. నేను జగిత్యాలలో ఉండేదాన్ని. చిన్న దుకాణాల్లో, ల్యాబుల్లో కంప్యూటర్ ప్రోగ్రాములు మొరాయిస్తే బాగుచేయడం నా పని. సమ్మెకు నేనూ అనుకూలమే, ర్యాలీల్లో అరిచి గొంతు పోగొట్టుకున్నదాన్నే. అయినా కోరుట్ల నుంచి ఆపా ఫోన్ చేసిన పొద్దున మాత్రం ఆ సమ్మెను నోటికొచ్చినట్టు తిట్టాను.

ఆపా అంటే ఉర్దూలో అక్క, మేమందరం ఆమెను అలాగే పిలుస్తాం; కోరుట్లలో ఒక రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. గల్ఫ్‌కు పోయేవాళ్లంతా అక్కడ రక్తం ఇచ్చి ఫిట్ అనిపించుకోవాలి. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే ఒకాయనకు, సొంతూరు వీర్నపల్లి, రక్తంలో కామెర్ల వైరస్ ఉందని రిపోర్టు వచ్చింది. ముందురోజు పొద్దున ఆ కాగితం ప్రింటయిందో లేదో కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకునేలోపు ప్రోగ్రాము బిగుసుకుపోయింది.

"చెల్లె, గా రిపోర్టు మీద నాకు నమ్మకం లేదు," అంది ఆపా. "ఆయన ట్యూబు మొదటి మిషన్ల పెట్టినట్టు యాది. కాయితం రెండో మిషన్ ఆగినంక ఒచ్చింది."

మళ్లీ పరీక్ష చేద్దామంటే కిట్లు అయిపోయాయి, లారీలు రావడం లేదు. ల్యాబు ఓనరు మిషన్ అబద్ధం చెప్పదని తేల్చేసి ఇంటికి పోయాడు. సాయంత్రంలోపు సరైన రిపోర్టు తేకపోతే వీసా ఇంకొకరికి ఇచ్చేస్తానని ఏజెంటు అన్నాడట.

"కంప్యూటర్ బంద్ చెయ్యకు ఆపా. చేస్తే లోపలున్నదంతా పోతది," అని చెప్పి, దొరికిన ఆటో పట్టుకుని బయల్దేరాను.

నేను పోయేసరికి ల్యాబులో ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆపేసి ఉన్నాయి. పక్కింటి ట్రాక్టరు బ్యాటరీ అడిగి తెచ్చి ఇన్వర్టరుకు తగిలించింది ఆపా. మగ్గాలాయన గుమ్మం బయట ఎండలో నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. రిపోర్టు సంగతి తెలిసినప్పటి నుంచి ఇంట్లో తన కంచం వేరు చేశారని, చిన్న బిడ్డను దగ్గరికి రానివ్వడం లేదని నేల చూస్తూ చెప్పాడు. ఆపా తను తాగే స్టీలు గ్లాసులో నీళ్లు పోసి ఆయన చేతికిచ్చింది. ఆయన ఆ గ్లాసును కాసేపు పట్టుకుని, తర్వాత గటగటా తాగాడు.

"మా తమ్ముడు సుత గదే పొద్దుగాల రక్తమిచ్చిండు," అంది ఆపా, నా పక్కన కూర్చుంటూ. "ఫిట్ అని ఒచ్చింది. బంబయి పోయిండు, రేపో ఎల్లుండో ఇమానం ఎక్కుతడు."

మంచిదే అని పనిలో పడ్డాను. ఆ ప్రోగ్రాములో ఒక్కో మిషన్‌ను ఒక్కో థ్రెడ్, అంటే లోపల విడిగా నడిచే ఒక్కో పాయ, చూసుకుంటుంది. తన మిషన్లో ఉన్న ట్యూబు ఎవరిదో ఆ నంబరును ప్రతి థ్రెడ్ తన సొంత వేరియబుల్లో, అంటే గుర్తులు దాచుకునే అరలో, పెట్టుకుంటుంది. పేరు ఒకటే అయినా ఎవరిది వాళ్లదే. ఒక బస్సులో ఇద్దరు కండక్టర్లుంటే ఎవరి సంచి వాళ్ల భుజానికే ఉన్నట్టు. పాజిటివ్ అని తేల్చింది రెండో థ్రెడ్. దాని దగ్గర మగ్గాలాయన నంబరుంటే రిపోర్టు నిజం. వేరే నంబరుంటే ఆయనకు అంటగట్టింది ఇంకెవరి రోగమో.

డీబగ్గర్ అంటే నడుస్తున్న ప్రోగ్రామును నిలబెట్టి జేబులు తడిమి చూసే ఇంకో ప్రోగ్రాము. నా పెన్‌డ్రైవ్‌లోంచి దాన్ని ఎక్కించి అడిగాను. మామూలు వేరియబుల్స్ అన్నీ చూపించింది. థ్రెడ్ల సొంతవి అడిగితే మాత్రం, థ్రెడ్లను నడిపే ఈ లైబ్రరీ ఫైలుతో నాకు జత కుదరడం లేదు, చూపలేను అంది. వెర్షన్ తేడా అనుకున్నాను. చూస్తే రెండూ ఒకటే. తల బద్దలు కొట్టుకున్నాక లైబ్రరీ ఫైలు మీద అనుమానం వచ్చి తెరిచి చూశాను. లోపల పేర్ల పట్టిక అన్నదే లేదు, ఎవరో శుభ్రంగా తీసేశారు. ఆ పేర్లు లేకున్నా ప్రోగ్రాము నడుస్తుంది. ఏ థ్రెడ్ సొత్తు ఎక్కడుందో వెతికే దారి మాత్రం డీబగ్గర్‌కు మూసుకుపోతుంది.

ఆ కంప్యూటర్ అమర్చింది సిరిసిల్లలో కంప్యూటర్ల దుకాణం ఉన్న ఇంకొకాయన. ఫోన్ చేశాను.

"దుబాయి నుంచి తెచ్చిన పాత డబ్బాలు గదక్కా, జాగ సాల్తలేదు," అన్నాడు తాపీగా. "గందుకే అన్ని ఫైళ్లు సన్నగ చెక్కిన. అసలుది సీడీల ఉన్నది. ఈడ నెట్ లేదు, కరెంటు లేదు. ఒచ్చి తీస్కపో."

సన్నగా చెక్కాడట! కూరగాయలనుకున్నాడు కాబోలు. ఫోన్లోనే నాలుగు వడ్డించాను.

మగ్గాలాయన మోటార్ సైకిల్ మీద వేములవాడ దారి పట్టాం. సిరిసిల్ల ఇంకాస్త దూరం ఉందనగా ఒక ఊరి దగ్గర రోడ్డు మీదే వంటావార్పు నడుస్తోంది. అడ్డంగా పొయ్యిలు, గుండిగలు, పంక్తిలో జనం. ఆ దారిన పోయేవాళ్లెవరైనా కూర్చుని తిని పోవాల్సిందే, లేకపోతే బండి కదలనివ్వరు. పంక్తిలో కూర్చున్నాం. "మనమందరం ఒక్కటే" అని మైకులో ఒకాయన గొంతు చించుకుంటున్నాడు. వడ్డించే ఆడవాళ్లలో ఒకామె మగ్గాలాయన్ని గుర్తుపట్టింది, వాళ్ల వాడకట్టు ఆమెనే. పక్కామె చెవిలో ఏదో చెప్పింది. తర్వాత ఆయనకు ఇచ్చిన విస్తరి కొసను రెండు వేళ్లతో పట్టుకుని ఇచ్చారు. అన్నం పైనుంచి జారవిడిచారు. అటుపక్క కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే జరిగారు.

ఆయన లేచిపోయాడు. "అందరు ఒక్కటే అంటిరి గదా, ఈయన ఎవలు మరి?" అని వడ్డించే ఆమెను గట్టిగానే అడిగాను. విస్తరి అక్కడే వదిలేసి నేనూ లేచాను.

"గట్ల లొల్లి పెట్టుకోకుండ్రి అక్కా," అన్నాడాయన బండి మీద. "ఇయ్యాల నిజం తేలకపోతె నేను వీర్నపల్లికి గూడ పోలేను. ఏ మొఖం పెట్టుకోని పోవాలె?"

సిరిసిల్ల పోయేసరికి మగ్గాల చప్పుడు లేదు. కరెంటు లేక ఊరంతా నోరు మూసుకుని కూర్చుంది. సీడీ తీసుకుని వెనక్కి తిరిగాం. దారిలో చెట్లు నరికి అడ్డం వేసినచోట పొలాల్లోంచి బండిని తోసుకుంటూ వచ్చాం. దూపతో ఇద్దరికీ నాలుకలు పిడచ కట్టాయి.

కోరుట్ల చేరేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. ఇన్వర్టర్ కుయ్‌కుయ్‌మంటోంది. సీడీలోంచి చెక్కని లైబ్రరీని ఎక్కించి, ఇదిగో నీకు కావాల్సిన పేర్లు ఇందులో ఉన్నాయని డీబగ్గర్‌కు దారి చూపాను. ఈసారి జత కుదిరింది. మొదటి థ్రెడ్‌ను అడిగితే మగ్గాలాయన నంబరు చూపించింది. రెండో థ్రెడ్‌ను అడిగాను. వేరే నంబరు.

"నీది కాదన్నా! నీది కాదు!" అని ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆయన గుమ్మంలోనే తల పట్టుకుని కూలబడ్డాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు.

"రెండో నంబరు ఏంది?" అంది ఆపా.

చదివాను. ఆపా రిజిస్టరు తెరవలేదు. ఆ ట్యూబుకు చీటీ అంటించింది తనే.

"మల్లొక్కసారి చూడు చెల్లె."

చూశాను. అదే నంబరు. ఆపా ముఖం చూసి నాకు అర్థమైంది. నా సంతోషం మీద నాకే అసహ్యం వేసింది. ఇన్వర్టర్ కుయ్‌మంటూనే ఉంది. నేనూ ఆపా ఇద్దరం నోరు మూసుకుంటే కాసేపట్లో ఆ నంబరు దానంతటదే చెరిగిపోయేది.

"ఎవలది అక్కా గది?" అన్నాడు మగ్గాలాయన కళ్లు తుడుచుకుంటూ.

"మా తమ్మునిది," అంది ఆపా.

చేత్తోనే కొత్త రిపోర్టు రాసి, ముద్ర వేసింది. ఫోన్ తీసి తమ్ముడికి ఉర్దూలో చెప్పింది, ఇంటికి వచ్చెయ్ అని. ఎందుకని అతను అడుగుతూనే ఉన్నాడు. ఆమె అదే మాట మళ్లీ మళ్లీ చెప్పింది. ఫోన్ పెట్టేసి, పొద్దున్నుంచి రోడ్ల మీద మాడి వచ్చిన మనిషి కదా అని, అదే స్టీలు గ్లాసు నిండా నీళ్లు పోసి, రిపోర్టుతో పాటు ఆయన ముందు పట్టింది.

ఆయన గ్లాసు వంక చూశాడు. రిపోర్టు కొసను రెండు వేళ్లతో పట్టుకుని తీసుకున్నాడు.

"ఒద్దు ఆపా," అన్నాడు. "దూప అయితలేదు."