బొబ్బిలి దగ్గర ఎక్కడానికొక కొండ

కొత్త ఊరికి బదిలీ అయితే మంచినీళ్ళు ఎలా ఉంటాయని, అద్దె ఇళ్ళు దొరుకుతాయా అని అడుగుతారు. నేను మాత్రం కొండరాయి ఉందా అని అడిగాను. అరవైల చివర్లో బొబ్బిలి దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగం వచ్చింది. చేరతానో లేదో సోమవారంలోగా చెప్పాలి. హైదరాబాదులో చదువుకునేటప్పుడు ఎన్.సి.సి. క్యాంపులో రాళ్ళెక్కడం మప్పారు. అప్పటినుంచి ఆదివారం నాడు రాయి పట్టుకోకపోతే నాకు వారం గడిచినట్టే ఉండేది కాదు. ఎక్కడానికి రాయి లేని ఊళ్ళో ఉద్యోగం వద్దనుకుని, ముందు చూసిరావడానికి బయలుదేరాను. ఇంట్లోవాళ్ళు దీన్ని పిచ్చి అన్నారు.

విజయనగరంలో తెల్లవారకముందే పాసింజరు ఎక్కాను. చార్జీ రూపాయి లోపే. బొగ్గు నుసి కళ్ళల్లో పడుతున్నా కిటికీ వదలలేదు. బొబ్బిలి వస్తోందనగా తూర్పు వైపు నున్నటి నల్లరాతి కొండ కనబడింది. ప్రాణం లేచివచ్చింది. స్టేషను బయట టీకొట్టు దగ్గర, ఆ రాతికొండకు ఎలా వెళ్ళాలని అడిగాను. కొట్టతను నన్నూ నా సంచీనీ ఎగాదిగా చూసి, ఇటువైపు రాతికొండలేవీ లేవు, ఉత్తరానికెళ్ళమన్నాడు. ఇప్పుడే చూశానంటే, అది మబ్బయ్యుంటుందన్నాడు. పొద్దున్నే నల్లమబ్బేమిటో నాకర్థం కాలేదు.

అక్కడే ఉన్న జట్కా మాట్లాడుకున్నాను. తోలేవాడి పేరు అప్పలసామి. ఉత్తరానికి రెండు గంటలు తీసుకెళ్ళి ఒక దిబ్బ చూపించాడు. ఒట్టి ఎర్రమట్టి, తుప్పలు. మరోచోటికి పోనిమ్మంటే మరో మట్టిదిబ్బ. బొబ్బిలి వైపు తిరిగొచ్చే దారిలో ఒక రైతునడిగితే పడమరకు చెయ్యి చూపించాడు, ఇంకొకాయన తెలియదన్నాడు. ఆయన వెనకాలే పొద్దున చూసిన నల్లటి కొండ నిలబడి ఉంది! నా బుర్ర పనిచెయ్యడం మానేసింది. ఎండకు కళ్ళు బైర్లు కమ్మాయేమోనని నీళ్ళు తాగి మళ్ళీ చూశాను. కొండ అక్కడే ఉంది.

"అది కొండ కాదా?" అని అప్పలసామిని నిలదీశాను.

"కొండేనమ్మా. కానీ బండెల్లదు," అన్నాడు, గుర్రం వైపు చూస్తూ.

సరేనని దిగి పొలం గట్ల మీద నడిచాను. కొండ మొదట్లో రాయి అందంగా ఉంది, వేళ్ళు దూరేపాటి బీటలు. అలవాటు ప్రకారం సంచీలోంచి సుత్తి తీసి తట్టి విన్నాను. డొల్లరాయి అయితే చప్పుడు వేరేగా వస్తుంది, దాని మీద చెయ్యి వెయ్యకూడదు. నాలుగు దెబ్బలు కొట్టి వెనక్కి తిరిగేసరికి పొలాల్లోంచి మనుషులు లేచి వస్తున్నారు. వాళ్ళ ముందున్న ముసలామె చేతిలో కొడవలి ఉంది. నా వెనకాలే వచ్చిన అప్పలసామి ఆమె పక్కన చేరి, మా అత్త పైడమ్మ అన్నాడు.

"ఏ కంట్రాటరు పంపినాడే నిన్ను?" అంది పైడమ్మ.

అప్పుడు తెలిసింది. అవతలి ఊరి కొండకు కూడా ఒకడు ఇలాగే వచ్చి, సుత్తితో తట్టి విని వెళ్ళాడట. ఆ వెనకాలే రాయి పేల్చడానికి మందుగుండు వచ్చింది. కొండ కింది ఊట ఎండిపోయింది, పశువులకు నీళ్ళు లేవు. ఆనాటి నుంచి సుత్తి కనబడితే కొండ లేదని చెప్పాలని ఈ చుట్టుపక్కల కట్టుబాటు. టీకొట్టు దగ్గరే నా సంచీలోంచి సుత్తి పిడి బయటికి కనబడింది. పొద్దున్నుంచీ అప్పలసామి నన్ను తిప్పింది కూడా అందుకే.

నేను ఎక్కడానికే వచ్చానంటే ఎవరూ నమ్మలేదు. సుత్తి పైడమ్మ చేతిలో పెట్టి ఎక్కాను. పైనుంచి చూస్తే కింద ఊట, చుట్టూ గేదెలు, నాకేసి తలలెత్తిన మనుషులు. ఆ క్షణంలో ఈ ఊరికి రావాలని గట్టిగా అనిపించింది. వెనకవైపు వాలు నుంచి దిగి వచ్చాను.

"పైనేటున్నాది?" అని అడిగింది పైడమ్మ.

"ఏమీ లేదు."

"మరెందుకెక్కినావు?"

చేతులకంటిన రాతిపొడి దులుపుకున్నాను. పైడమ్మ సుత్తిని కొంగులో చుట్టుకుంది. "ఎక్కాలంటే ఎప్పుడైనా రా. ఇది మాత్రం నా కాడే ఉంటాది," అంది. నేను దాన్ని తిరిగి అడగలేదు. సోమవారం వెళ్ళి ఉద్యోగంలో చేరతానని చెప్పేశాను.

ఎందుకు ఎక్కుతానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. కానీ ఆ కొండ నాదని ఎప్పుడనిపించిందో మాత్రం తెలుసు. చేరిన రెండో ఏడు, స్టేషను బయట ఒక పెద్దమనిషి రాతికొండకు దారి అడిగాడు. చేతిసంచీలోంచి సుత్తి పిడి కనబడుతోంది. నేను ఏమాత్రం తడుముకోకుండా ఉత్తరానికి చెయ్యి చూపించాను.

అటు వెళ్ళాలనుకునేవారికి ఒక మాట. సుత్తి ఇంట్లో పెట్టి వెళ్ళండి. ముందు ఊళ్ళో ఎవరింట్లోనైనా కూర్చుని మంచినీళ్ళు తాగండి, కొండ సంగతి తర్వాత అడగండి.