ఫారంలో లేని విషం

తొంభైల మొదట్లో నన్ను సిద్దిపేటలోని నీటి పరీక్షల ప్రయోగశాలకు జూనియర్ అనలిస్టుగా వేశారు. ప్రయోగశాల అంటే ఆఫీసు వెనక ఒక గది, ఒక సింకు, అటెండరు సైకిలు పెట్టుకోగా మిగిలిన చోటు. పల్లెల బోరింగుల నుంచి సీసాల్లో నీళ్లు వచ్చేవి. ఫ్లోరైడు, ఉప్పు, కాఠిన్యం వంటివి కొలిచి, అచ్చు ఫారంలో అంకెలు నింపి, అడుగున 'తాగడానికి పనికివస్తాయి' అనో 'రావు' అనో రాసి సంతకం చేయాలి. ఆ ఫారంలో ఆర్సెనిక్‌కు గడి లేదు. గడి లేనిది నీళ్లలోనూ ఉండదని మా కార్యాలయం నమ్మకం.

ఒక ఎండాకాలం రాయపోల్ వైపు ఓ పల్లెకు నమూనాల కోసం నేనే వెళ్లాను. బోరింగు దగ్గర నర్సవ్వ అనే కూలి మనిషి సీసా పట్టుకోవడానికి సాయం వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. అరచేతుల నిండా జొన్నగింజలంత గట్టి బుడిపెలు, మెడ మీద చినుకులు పడ్డట్టు మచ్చలు. పనివల్ల కాసే కాయలు అలా ఉండవు. కాలేజీలో చదివిన ఆర్సెనిక్ పాఠం గుర్తొచ్చింది. ఈ నీళ్లు ఎన్నాళ్ల నుంచి తాగుతున్నావని అడిగాను.

"బోరింగు ఏసినకాన్నుంచి గివే," అంది. తర్వాత పక్కకు పిలిచి గొంతు తగ్గించింది. "ఆడిమనిషివని చెప్తున్న మేడం. రొమ్ముల గడ్డ అయింది. నొస్తలేదు. మా యారాలుకు గూడ గిట్లనే అయి సచ్చిపోయింది."

యారాలంటే ఆమె మరిది భార్య.

బోరింగుకు కాస్త ఎగువన పచ్చి తోళ్ల గోదాము ఉంది. పురుగు పట్టకుండా తోళ్లను తెల్లపొడి కలిపిన నీళ్లలో ముంచి, మిగిలిన నీళ్లను గుంటలో పారబోసేవారు. కాపలా మనిషి పొడి డబ్బా చూపించాడు. ఆర్సెనిక్ అని దాని మీదే రాసి ఉంది.

ఆ పరీక్ష కష్టమైనదేమీ కాదు. నీటిలో ఆమ్లం, జింకు ముక్కలు వేసి, పైకొచ్చే వాయువును మందు పూసిన కాగితానికి తగలనివ్వాలి. ఆర్సెనిక్ ఉంటే కాగితం పసుపుగా, ఎక్కువుంటే గోధుమరంగుగా మారుతుంది. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ గోధుమరంగే.

తోటికోడళ్లిద్దరి గడ్డల సంగతీ రాసి నివేదిక ఇస్తే మా ఇంజనీరు గారు సమావేశం పెట్టారు. వచ్చిన వైద్యాధికారి, ఆర్సెనిక్ వల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందని రుజువుందా అని అడిగారు. లేదన్నాను. చర్మానికి చేసే హాని అందరికీ తెలిసిందే, రొమ్ము క్యాన్సర్ సంగతి ఇంకా తేలలేదు, నేను అడుగుతున్నది బోరింగు మూయమని మాత్రమే అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, తోటికోడళ్లిద్దరికీ వచ్చిందంటే అది వంశపారంపర్యమై ఉంటుందని తేల్చారు. వేర్వేరు ఊళ్లలో పుట్టి ఒకే ఇంటికి కోడళ్లయిన ఇద్దరికి ఒకే వంశాన్ని అంటగట్టిన ఆ మేధకు ఇంజనీరు గారు తలూపారు. మాట్లాడుతున్నంతసేపూ వైద్యాధికారి తన ఇంటి నుంచి తెచ్చుకున్న ఫ్లాస్కులోని నీళ్లే తాగారు. చివరికి, ఫారంలో ఉన్నవే నింపమని ఆదేశం. ఉన్నవన్నీ హద్దులోపలే కాబట్టి నీళ్లు 'పనికివస్తాయి'.

నేను సంతకం చేయలేదు. అందులో గొప్పేమీ లేదు, వేరొకరితో చేయించారు. పై అధికారులకు ఉత్తరం రాసి రెండు వారాలు జవాబు కోసం కూర్చున్నాను. ఆ రెండు వారాలూ ఊరు ఆ నీళ్లే తాగింది. వాళ్ల తెలివితక్కువతనానికి నా వంతు చేర్పు అది.

ఆ తర్వాత మెకానిక్ యాదగిరిని వెంటబెట్టుకుని పోయి బోరింగు హ్యాండిల్ విప్పించాను. ఆడవాళ్లు మీద పడ్డారు. నీళ్లు ఏడికెళ్లి తెచ్చుకోవాలె అని ఒకామె బిందె నా కాళ్ల ముందు విసిరేసింది. నర్సవ్వ ముందుకొచ్చింది.

"నా చేతులు సూడున్రి. ఏడికెళ్లన్న తెద్దాం. గీ నీళ్లు మాత్రం వద్దు."

వాళ్లు మైలు దూరంలోని పొలం బావికి నడవడం మొదలుపెట్టారు. నాకు ప్రభుత్వ ఆస్తి పాడుచేశానని మెమో వచ్చింది. అయితే పనిచేయని బోరింగుకు బదులు కొత్తది వేయాలన్న నియమం ఒకటుంది. విషమున్న బోరింగుకు ఏ నియమమూ లేదు. నా ఆర్సెనిక్ ఫైలు బల్ల మీది నుంచి కదల్లేదు. ఊడిన హ్యాండిల్ ఫైలు మాత్రం పరుగెత్తింది. వానలు పడకముందే ఊరి రెండో చివర కొత్త బోరు పడింది. ఆ నీళ్లను నేనే పరీక్షించాను. కాగితం తెల్లగానే ఉంది. గోదాముకు నోటీసు కూడా పోలేదు.

నర్సవ్వను హైదరాబాద్ క్యాన్సర్ దవాఖానకు తీసుకెళ్లాను. ఆపరేషన్ చేశారు. ఈ గడ్డ నీళ్ల వల్లనేనా అని ఆమె పెద్ద డాక్టరును అడిగింది.

బయటికొచ్చాక నాతో అంది: "తెల్వదన్నడు మేడం. ఇన్నొద్దులకు తెల్వదని చెప్పినోడు గీయనొక్కడే."

మూడేళ్లు బతికింది. కారణం ఆమె పోయేనాటికీ తేలలేదు.

ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇంతే. జబ్బుకు కారణం తేలడానికి ఏళ్లు పడతాయి. విషపు నీళ్లు ఆపడానికి ఒక పానా, అరగంట చాలు. మొదటిది తేలాకే రెండోది చేద్దామనే అధికారికి రుజువు అక్కర్లేదు, ఊరికే కూర్చోవడానికి సాకు కావాలి.